బావ కళ్ళు, టైలరమ్మ పన్ను

మా బావ మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టడు. పళ్ళు చూసి గుర్తుపడతాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆయన చూపు ముందు వాళ్ళ పెదాల మీదకే పోతుంది. అవతలి మనిషి నోరు మూసుకుని నవ్విందా, ఇక అంతే, ఎవరో తెలీక నీళ్ళు నములుతాడు. ఆవిడ అటు వెళ్ళగానే "ఎవరే ఆవిడ?" అని మా అక్కని అడుగుతాడు. "మీ సొంత పిన్ని కూతురండీ బాబూ!" అని అక్క నెత్తి కొట్టుకుంటుంది.

ఆయన పళ్ళ డాక్టరు కాదు. పళ్ళ డాక్టర్ల వెనకుండే మనిషి. డాక్టర్లు నోట్లోంచి అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి పింగాణీ పళ్ళు చేసి ఇస్తాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే పని. మా వర్క్‌షాపు రెండంటే రెండే గదులు. ముందు గదిలో కిటికీ కింద బావ బల్ల. వెనక గదిలో పళ్ళు కాల్చే చిన్న కరెంటు కొలిమి, నా ప్లాస్టర్ బకెట్లు. అచ్చుల్లో ప్లాస్టర్ పోసి దవడలు తయారుచేసేది నేను. ఫోన్లు ఎత్తేదీ, డబ్బాలు సర్దేదీ, ఆలస్యమైందని అరిచే డాక్టర్లకి సమాధానం చెప్పేదీ అక్క. బావ నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు నేను తీరుస్తున్నానని మా వీధిలో అనుకుంటారు. అనుకోనీ, నాకేం.

అక్క పెళ్ళినాటికి నాకు తొమ్మిదేళ్ళు. అక్క వెనకాలే మూట కట్టుకుని వచ్చేసినదాన్ని మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు నాకు నలభై ఎనిమిది. జుట్టుకి రంగేసుకుంటున్నాను. అయినా బావ నోట నేనింకా "మరదలు పిల్ల"నే. చదువు చెప్పించింది ఆయనే, పని నేర్పింది ఆయనే. అందుకే ఆయన్ని తిట్టే హక్కు నాకొక్కదానికే ఉందని నా లెక్క.

పళ్ళన్నీ తెల్లగానే ఉంటాయని లోకం అనుకుంటుంది. ఏం కాదు. చిగుళ్ళ దగ్గర ఒక రంగు, నడుమ ఒక రంగు, అంచు దగ్గరికొచ్చేసరికి అసలు రంగే ఉండదు, గాజులా ఉంటుంది. మిగతా వర్క్‌షాపుల వాళ్ళు దీనికోసం నమూనా పళ్ళ వరస ఒకటి పక్కన పెట్టుకుని, దానితో పోల్చుకుంటూ పనిచేస్తారు. బావ ఆ వరసని బల్ల మీదకి రానివ్వడు. "అది చదువుకునే పిల్లలకి" అంటాడు. తనే క్లినిక్‌కి వెళ్ళి, ఆ మనిషి నోట్లోకి అయిదు లెక్కపెట్టేంతసేపు చూసి, చటుక్కున తల తిప్పేసుకుంటాడు. అంతకంటే ఎక్కువ చూస్తే కన్ను అలిసిపోయి అబద్ధం చెబుతుందట. ఆ రంగుని కళ్ళల్లో పెట్టుకుని తిన్నగా వచ్చి బల్ల ముందు కూర్చుంటాడు. ఇంత పొగరు ఆయనకి ఇంకే విషయంలోనూ లేదు. ఉన్న ఒక్క పొగరూ చెల్లుతూనే వచ్చింది, మొన్నమొన్నటి దాకా.

టైలరమ్మ మాకు ఎనిమిదేళ్ళుగా తెలుసు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల ఆవిడ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుండేవి. ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదట. మాకు పని పంపే పళ్ళ డాక్టరమ్మ ఆవిడ ముందు పళ్ళు ఆరింటికీ పింగాణీ పొరలు పెట్టించింది. డాక్టర్లు వెనీర్లంటారు, మేం పొరలంటాం. గోరంత మందం కూడా ఉండవు, పన్ను మీద అతికిస్తే పన్నులో కలిసిపోతాయి. ఆ ఆరూ బావ చేసినవే. అవి పెట్టిన రోజు నుంచి ముప్ఫై ఏళ్ళ నవ్వుకీ వడ్డీ వేసి మరీ నవ్వుతోంది మహాతల్లి. ఆవిడ కొట్లో నవ్వితే మూడో వీధిలోకి వినపడుతుంది.

డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది, "దారం పళ్ళతో తెంపకండి" అని. టైలర్లు వింటారా? కత్తెర ఒళ్ళోనే ఉంటుంది, చెయ్యి మాత్రం దారాన్ని నోటి దగ్గరికే తీసుకుపోతుంది. ఎనిమిదేళ్ళు కొరికింది, ఎనిమిదేళ్ళు పింగాణీ ఓర్చుకుంది. పోయిన నెలలో కోటు గుండీలు కుట్టే మందపాటి దారం కొరికేసరికి, ఎడమవైపు ముందు పన్ను మూల టప్పున ఎగిరిపోయింది. ఆ ముక్కని సూదుల డబ్బాలో దాచి తీసుకొచ్చింది. "అతికించెయ్యండి, ఎవరికీ చెప్పను" అని డాక్టరమ్మని బతిమాలింది.

అతికిస్తే నిలవదు. పొరని ఊడబెరకడానికి కూడా లేదు, మొత్తం అరగదీసి కొత్తది పెట్టాల్సిందే. డాక్టరమ్మ ఆరూ మార్చేద్దామంది. అయిదు పాత పళ్ళ మధ్య ఒక్క కొత్త పన్నుని కలిసిపోయేలా చెయ్యడం అన్నిటికంటే కష్టమైన పని, ఎవరైనా అదే చెబుతారు. టైలరమ్మ ఒప్పుకోలేదు. "చొక్కాకి జేబు చిరిగితే జేబే మారుస్తాం కానీ చొక్కా పారేస్తామా? బాగున్న అయిదింటినీ ఎందుకు అరగదీస్తారు?" అని కుర్చీలోంచి లేచి కూర్చుంది.

"ఒక్కటే చేస్తాను" అన్నాడు బావ.

చేశాడు. తీసుకెళ్ళి పెట్టి చూస్తే ఆ ఒక్క పన్నూ బూడిద రాసినట్టుంది. బావ తనే తల అడ్డంగా ఊపి వెనక్కి తెచ్చేశాడు. రెండోసారి చేశాడు. మొదటిదే నయమనిపించింది. అదే వారం వేరే డాక్టర్ల దగ్గర్నుంచి రెండు ముందు పళ్ళ క్యాపులు "రంగు కలవలేదు" అన్న చీటీతో తిరిగొచ్చాయి. ఏడాదికి ఒకటి తిరిగొస్తే ఆ పూట అన్నం తినని మనిషాయన. మూడు వారాల్లో నాలుగు తిరిగొచ్చాయి.

తిట్టుకునుంటే బాగుండేది. గిన్నెలు విసిరేసినా బాగుండేది. అలా చెయ్యకుండా తిరిగొచ్చిన నాలుగింటినీ ఒక పళ్ళెంలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం టీ తాగుతుండగా కప్పు కింద పెట్టి, "నా కళ్ళు పోయినట్టున్నాయే" అన్నాడు అక్కతో.

"అవేం మాటలండీ! రేపే కళ్ళ డాక్టర్ దగ్గరికెళ్దాం."

"వద్దు. ఆయన కూడా అదే అంటే ఇక నిజమైపోతుంది."

అక్క టీ కప్పులు ఎత్తడం మొదలుపెట్టింది. నేనూరుకుంటానా? "చాల్లే బావా! రెండు పళ్ళు కుదరకపోతే కళ్ళు పోయినట్టేనా?" అని కసురుకున్నాను.

"వయసొస్తే కంట్లో పసుపు దిగుతుంది మరదలు పిల్లా. అన్నీ పచ్చగా కనపడతాయి. మా గురువుగారికి ఇలాగే అయింది. ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేక, చివరి రెండేళ్ళూ ఊరందరికీ బూడిద పళ్ళు చేసిపెట్టాడు. నేనలా చెయ్యను. టైలరమ్మ పన్ను ఇంకొక్కసారి చేస్తాను. అదీ కుదరకపోతే కొలిమి ఆపేద్దాం."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు భయం వేసింది. పళ్ళు చెయ్యని బావని నేనెప్పుడూ చూడలేదు. ఆయనకి పేకాట రాదు, కబుర్లు రావు, పేపరు చదివితే నిద్రొస్తుంది. ఆ బల్ల తీసేస్తే ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? వెనక గదిలోకి వెళ్ళి, కలపాల్సిన అవసరం లేని ప్లాస్టర్ కలుపుతూ కాసేపు ఏడ్చాను. అది గట్టిపడిపోయి బకెట్ పాడైంది.

రెండు రోజుల తర్వాత పొద్దున్న పదింటికి టైలరమ్మే మా వర్క్‌షాపుకి ఊడిపడింది. పన్ను మీద డాక్టరమ్మ తాత్కాలికంగా పెట్టిన ప్లాస్టిక్ ముక్క ఉంది. చేతిలో బట్టల సంచీ ఉంది.

"అన్నయ్యగారూ, మీరు నా నోట్లో చూసి ఇక్కడికొచ్చేలోపు దారిలో రంగు కారిపోతోందేమో. అందుకే ఈసారి నోరే ఇక్కడికి తెచ్చాను" అంది.

మామూలుగా అయితే నేను కూడా నవ్వేదాన్ని. ఆ రోజు ఒళ్ళు మండింది. "దారం కొరికింది మీరు, మాటలు పడేది మా బావా?" అన్నాను.

"నేను ఆయన్నేమన్నానమ్మా? ఆయన చేసిన పళ్ళ కోసమే కదా ఆ డాక్టరమ్మతో పోట్లాడుతున్నాను!"

బావ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. ఆవిడని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కుంచె కడుక్కుని, పింగాణీ పొడి తడిపి కలపడం మొదలుపెట్టాడు.

టైలరమ్మకి ఉత్త చేతులతో కూర్చోవడం చేతకాదు. సంచీలోంచి కుట్టాల్సిన తెల్ల కోటు ఒకటి తీసింది. రెండు తెల్ల దారపు ఉండలు తీసి కోటు మీద పక్కపక్కన పెట్టింది. తల వంచి చూసింది. కోటు ఎత్తి చూసింది. దించి చూసింది.

"ఇదేంటి! నిన్న మా కొట్లో ఇది మల్లెపువ్వులా ఉంది. ఇక్కడికొచ్చేసరికి వెన్నముద్దలా అయిందేం?" అంది.

ఆవిడ లేచి, కోటు పట్టుకుని మా వెనక గదిలోంచి పెరటి గుమ్మం దాకా వెళ్ళి చూసుకుంది. మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చి చూసింది. మళ్ళీ పెరట్లోకి వెళ్ళింది. ఈవిడకి మతి పోయిందా ఏమిటని నేను వెనకాలే తిరిగాను. మూడోసారి వచ్చి బల్ల మీద కోటు పరిచింది.

"అన్నయ్యగారూ, మీ గది పచ్చగా ఉంది. ఈ వెలుతుర్లో నేనైతే దారం కూడా ఎంచను. మీరు పళ్ళెలా చేస్తున్నారండీ?" అని కిటికీలోంచి వేలెత్తి చూపించింది.

ఎదురింటి రెండంతస్తుల గోడ. పండిన గుమ్మడికాయ రంగు. సరిగ్గా మూడు వారాల కిందట వేశారు ఆ రంగు. నాలుగు రోజులపాటు వీధికి అడ్డంగా నిచ్చెనలు వేశారని ఆ పెయింటర్లతో గొంతు చించుకుని పోట్లాడింది ఎవరనుకున్నారు? నేనే! పొద్దున్నుంచి ఎండంతా ఆ గోడ మీద పడి, అక్కణ్ణుంచి తిన్నగా మా కిటికీలోకి, బావ బల్ల మీదకి వచ్చి పడుతోంది. దాని ముందు నిలబడి రోజుకి రెండుసార్లు ఆ ఇంటివాళ్ళ అభిరుచిని తిట్టుకున్నాను కానీ, ఈ బుర్రకి ఒక్కసారి తట్టలేదు. ఆ క్షణాన నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపించింది.

అయిందేమిటంటే ఇది. బావ క్లినిక్‌లో తెల్లటి వెలుతుర్లో పన్ను చూసి, ఆ రంగుని తలలో పెట్టుకుని వస్తున్నాడు. ఇక్కడ ఏది చేసినా పచ్చగా కనపడుతోంది. అది తగ్గించడానికి నీలం ఛాయ ఉన్న పొడి కొంచెం కలుపుతున్నాడు. ఇంకొంచెం కలుపుతున్నాడు. అది క్లినిక్‌కి వెళ్ళేసరికి బూడిదవుతోంది. నమూనా పళ్ళు పక్కన పెట్టుకునుంటే అవి కూడా పచ్చగా కనపడి ఎప్పుడో తెలిసిపోయేది. పెట్టుకోడుగా మహానుభావుడు!

బావ కోటు తీసుకుని పెరట్లోకి నడిచాడు. తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. తర్వాత గుమ్మంలో చతికిలబడి, "గోడా!" అన్నాడు. అక్క ఫోను పక్కన పడేసి పరిగెత్తుకొచ్చింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

"చూశారా? కళ్ళు కాదు, కాకరకాయ కాదు!" అంది అక్క.

బావ మొహం ఇంకా పూర్తిగా విప్పుకోలేదు. "సగం గోడ, సగం కళ్ళు అయితే? పన్ను చేసి పెడితే కానీ తెలీదు" అన్నాడు.

అది నిజమే. ఆ మాటతో నా గంతులు ఆగిపోయాయి.

బల్లని డాబా మీదకి ఎక్కించాం. అక్క ఒక కాలు, నేను ఒక కాలు, టైలరమ్మ రెండు కాళ్ళు. గుమ్మడికాయ గోడకి వీపు పెట్టి, నీళ్ళ ట్యాంకు నీడలో వేశాం. పింగాణీ పొడి గాలికి లేచిపోతుంటే, టైలరమ్మ సంచీలోంచి తెల్లబట్ట తీసి రెండు కర్రలకి పట్టించి, అయిదు నిమిషాల్లో తెర కుట్టేసింది. దారం తెంపడానికి చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. ముగ్గురం ఒక్కసారే అరిచాం. కత్తెర తీసుకుంది పాపం.

తర్వాత ఆవిడకి అసలు శిక్ష మొదలైంది. ప్లాస్టిక్ ముక్కని వదిలేసి పక్కనున్న పళ్ళు చూడాలి కాబట్టి నోరు తెరుచుకుని కూర్చోవాలి. మాట్లాడకూడదు. పళ్ళు ఆరిపోతే తెల్లగా కనపడతాయని బావ మాటిమాటికీ "నాలుకతో తడపండమ్మా" అంటాడు. తడుపుతుంది, మళ్ళీ తెరుస్తుంది. అంత వాగే మనిషి ఒక గంటపాటు ఒక్కమాట లేకుండా కూర్చోవడం నా జన్మలో చూస్తాననుకోలేదు. కళ్ళతోనే నన్ను తిడుతోంది. నేను హాయిగా పళ్ళికిలించాను.

బావ అయిదు లెక్కపెట్టి చూస్తాడు, ఆకాశం వైపు తిరుగుతాడు, కుంచెతో చిటికెడంత పెడతాడు, కాగితంతో తడి అద్దుతాడు. ఒక పొర అవగానే దాన్ని కొలిమిలో కాల్చాలి. కొలిమి కింద ఉంది. దాన్ని చిన్న దిమ్మ మీద పెట్టుకుని ఇరవై రెండు మెట్లు దిగేది నేను. దగ్గితే రాలిపోతుంది, తుమ్మితే ఎగిరిపోతుంది. నాలుగుసార్లు దిగాను, నాలుగుసార్లు ఎక్కాను. అన్నిసార్లూ ఊపిరి బిగబట్టే. నాలుగోసారి పైకొచ్చేసరికి దాని మీద పన్నుకుండే తడి మెరుపు వచ్చేసింది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. డబ్బాలో పెట్టి మూత వేశాడు.

మర్నాడు పొద్దున్న నలుగురం కలిసి క్లినిక్‌కి వెళ్ళాం. ఒక్క పన్ను కోసం ఇంతమందా అన్నట్టు చూసింది డాక్టరమ్మ. ప్లాస్టిక్ తీసేసి, పన్ను శుభ్రం చేసి, చుక్క జిగురునీళ్ళతో పొరని ఊరికే ఆనించి చూసింది. తల ఇటు వంచింది, అటు వంచింది. దీపం ఆర్పి చూసింది. "అమ్మో" అంది మెల్లగా.

టైలరమ్మకి అద్దం ఇచ్చారు. ఆవిడ పెట్టిన కేకకి బయట కూర్చున్న వాళ్ళు ఎవరి పన్నో పీకేస్తున్నారనుకున్నారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారట కూడా.

డాక్టరమ్మ పొరని అతికించి, నీలం దీపం పెట్టి గట్టిపరిచింది. అంచులు నున్నగా చేసింది. అక్క ముందుకొంగి, "ఏదీ, నన్ను చెప్పనివ్వండి. కొత్తది ఇదేగా? కొంచెం తెలిసిపోతోంది" అంటూ చివర ఉన్న ఒక పన్ను చూపించింది. అది పింగాణీ కానే కాదు. ఆ ఆరింటి అవతల ఉన్న టైలరమ్మ సొంత పన్ను! డాక్టరమ్మ నవ్వాపుకోలేక మాస్కు పైకి లాక్కుంది.

బావ మాత్రం నవ్వలేదు. "ఒకసారి బయటికొస్తారా అమ్మా? ఎండలో చూడాలి" అన్నాడు.

క్లినిక్ మెట్ల మీద నిలబెట్టాడు ఆవిడని. డాక్టరమ్మతో సహా అందరం వెనకాలే వచ్చాం. నాలుకతో తడపమన్నాడు. చూశాడు. అయిదు లెక్కపెట్టాడు. తల తిప్పాడు. మళ్ళీ చూశాడు. ఈసారి పది లెక్కపెట్టేంతసేపు చూశాడు. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను.

"తేడా ఉంది" అన్నాడు.

టైలరమ్మ గబుక్కున డాక్టరమ్మ వైపు తిరిగింది. డాక్టరమ్మ "లేదండీ! నేను మూడు రకాల వెలుతుర్లో చూశాను, కొత్తది అచ్చుగుద్దినట్టు సరిపోయింది" అంది.

"కొత్తది కాదమ్మా. కొత్తది బాగుంది" అన్నాడు బావ. "దాని పక్కన రెండోది చూడండి. పాతది. అంచు దగ్గర ఒక వెంట్రుకవాసి పచ్చగా ఉంది. ఎనిమిదేళ్ళ కిందట నేనే చేశాను, నేనే బాగుందన్నాను. ఇవాళ ఈ కొత్తది పక్కన పడ్డాక తెలుస్తోంది."

డాక్టరమ్మ ముక్కు తగిలేంత దగ్గరికెళ్ళి చూసింది. అక్క చూసింది. నేను చూశాను. మా ముగ్గురికీ ఏమీ కనపడలేదు. టైలరమ్మ ఠక్కున నోరు మూసేసుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, చేతుల వెనక నుంచే, "దాన్ని ముట్టుకున్నారంటే మర్యాదగా ఉండదు అన్నయ్యగారూ!" అంది.

అక్క బావ వైపు తిరిగింది. "ఏవండీ, మరి అప్పుడు మీకది కనపడలేదా?"

"లేదే. కనపడితే ఇచ్చేవాణ్ణా?"

"ఇవాళ కనపడుతోందా?"

"స్పష్టంగా కనపడుతోంది. ఇదిగో, ఇక్కడ..." అని వేలెత్తిన మనిషి అలాగే ఆగిపోయాడు. వేలు గాల్లోనే ఉంది. మా అక్క మొహం చూశాడు. పళ్ళు కాదు, మొహమే. తర్వాత నా మొహం చూశాడు. నేనప్పటికే ముక్కు తుడుచుకుంటూ, ఏడుస్తూ, ఆయన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నాను.

"మరదలు పిల్లా, ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ పద పద" అన్నాడు బావ, రెండేసి మెట్లు దిగుతూ. "అక్కడ అచ్చులు ఆరిపోతున్నాయి, ప్లాస్టర్ పొయ్యాలి."